తుఫాను తీరమా, భూకంపాల నేలా, నది ఒడ్డా... ఉండటానికి ఏది మేలు?

కొత్త చోటికి మారేటప్పుడు జనం అద్దె చూస్తారు, స్కూళ్లు చూస్తారు, ఆఫీసు ఎంత దూరమో చూస్తారు, ఆ నేలకి ఏ గండం ఉందో మాత్రం చివర్న, అదీ ఎవరన్నా భయపెడితేనే అడుగుతారు. అడిగినా "అక్కడ సేఫేనా కాదా" అని ఒక్క ముక్కలో అడిగేస్తారు, దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఒక మాట. అస్సలు ఏ గండమూ లేని చోటు వెతుక్కుందాం అనుకుంటే ఆ ఆశ వదిలేయండి. లాతూర్ సంగతే చూడండి, దక్కన్ పీఠభూమి గట్టి నేల, ఇక్కడ భూకంపాలేంటి అనుకునేవాళ్లు, 1993 సెప్టెంబర్ 30న ఇంకా తెల్లారకముందే 6.2 తీవ్రతతో కదిలింది, దాదాపు పది వేల మంది పోయారు, రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన మందపాటి గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీదే కూలాయి. అమెరికాలో ఆష్‌విల్ అనే కొండల ఊరుంది, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం, వాతావరణం మారినా ఇక్కడ భయం లేదని జనం వెతుక్కుంటూ వెళ్లి ఇళ్లు కొనుక్కున్న చోటు, 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను అక్కడిదాకా వచ్చి వరదలో ముంచేసింది.

కాబట్టి గండం ఉందా లేదా అని కాదు, ఏ గండంతో మనం కాపురం చేయగలం అని చూసుకోవాలి. నేనైతే మూడు చూస్తా: అది ముందే చెప్పి వస్తుందా, వస్తే తప్పుకోడానికి దారి ఉందా, ఇల్లు గట్టిదైతే బతికిపోతామా. ఈ మూడూ పెట్టి చూస్తే నా జవాబు ముందే చెప్పేస్తా, హెచ్చరికలు బాగా పనిచేసే తుఫాను తీరం (నీటి అంచున కాదు, కాస్త లోపలికి, కాస్త ఎత్తు మీద) మొదటిది, రూల్స్ గట్టిగా పాటించే భూకంపాల ప్రాంతంలో కొత్త బిల్డింగ్ దానికి దాదాపు సమానం, నది ఒడ్డు లోతట్టు మూడోది, నిటారు కొండ కింద ఇల్లు అన్నిటికన్నా చివర. ఎందుకో చెప్తా.

తుఫాను తీరం అనగానే చాలామంది వద్దు బాబోయ్ అంటారు, ఒకప్పుడైతే నేనూ అదే అనేవాణ్ణి. 1970లో ఇప్పటి బంగ్లాదేశ్ తీరాన్ని కొట్టిన భోలా తుఫానులో మూడు లక్షల మందికి పైగా పోయారు, 1991లో మళ్లీ అదే తీరంలో లక్షా ముప్పై ఎనిమిది వేల మంది. 2020లో ఆంఫాన్ వచ్చినప్పుడు అదే దేశం ఇరవై లక్షల మందికి పైగా షెల్టర్లకి చేర్చింది, చనిపోయినవాళ్లు కొన్ని పదుల్లోనే ఉన్నారు. ఒడిశాలోనూ అంతే, 1999 సూపర్ సైక్లోన్‌లో పది వేల దాకా ప్రాణాలు పోతే 2013లో ఫైలిన్ ముందు పది లక్షల మందిని లోపలికి తరలించారు, చావులు పదుల్లో ఆగాయి. సముద్రం అదే, ఒడ్డు అదే. మూడు నాలుగు రోజుల ముందే శాటిలైట్‌లో కనపడుతుంది, ఎటు కదులుతుందో తెలుస్తుంది, చెప్పగానే జనం కదిలారు, బతికారు.

తుఫానులో గాలి కన్నా ఎక్కువ ప్రాణాలు తీసేది నీళ్లే, ఉప్పెన రూపంలో. అందుకే "సముద్రం నుంచి ఎంత దూరం" అని అడిగితే సరిపోదు, "సముద్ర మట్టానికి ఎంత ఎత్తు" అని అడగాలి. ఒడ్డుకి రెండు కిలోమీటర్ల దూరంలో మిట్ట మీద ఉన్న ఇల్లు, పది కిలోమీటర్ల దూరంలో ఉప్పుటేరు పక్కన పల్లంలో ఉన్న ఇంటికన్నా నయం కావచ్చు.

మరి తీరంలో ఇబ్బందే లేదా అంటే ఉంది. భూకంపం ఒక తరంలో రాకపోవచ్చు, తుఫాను సీజన్ మాత్రం ఏటా వస్తుంది, ప్రతిసారీ ప్రాణం పోకపోయినా పైకప్పు పోతుంది, కరెంటు రోజుల తరబడి ఉండదు, ఇన్సూరెన్స్ ఖర్చు పెరుగుతూ పోతుంది, మనిషి అలిసిపోతాడు. పైగా అన్ని తుఫానులూ మర్యాదగా ముందే చెప్పి రావు, 2023 అక్టోబర్‌లో మెక్సికోలోని అకాపుల్కో మీదకి వచ్చిన ఓటిస్ ఒక్క రోజు లోపే మామూలు తుఫాను నుంచి అన్నిటికన్నా తీవ్రమైన ఐదో కేటగిరీకి ముదిరిపోయింది, జనానికి తేరుకునే టైమే దొరకలేదు. ఇంకొకటి, ఖాళీ చేయమంటే ఖాళీ చేయడానికి బండి ఉండాలి, చేతిలో డబ్బుండాలి, వెళ్లడానికి ఒక చోటుండాలి, ఇవి లేనివాళ్లకి మూడు రోజుల ముందు చెప్పినా మూడు గంటల ముందు చెప్పినా ఒకటే.

ఇప్పుడు భూకంపం. ఇది చెప్పి రాదు. జపాన్ లాంటి చోట్ల ఫోన్లు మోగి కొన్ని సెకన్లు ముందు చెప్తాయి, బల్ల కిందకి దూరడానికి, స్టవ్ ఆపడానికి ఆ టైము సరిపోతుంది, అంతకన్నా ఏమీ చేయలేం. మరి దాన్ని తీరంతో సమానంగా ఎందుకు పెట్టా అంటే, ఇందులో మనల్ని చంపేది దాదాపు ఎప్పుడూ మనం కట్టుకున్న ఇల్లే కాబట్టి. 2010లో రెండు నెలల్లోపే రెండు భూకంపాలు వచ్చాయి. జనవరిలో హైతీలో 7.0, ఫిబ్రవరిలో చిలీలో 8.8. చిలీది విడుదల చేసిన శక్తి దాదాపు ఐదొందల రెట్లు ఎక్కువ. హైతీలో తక్కువ లెక్క వేసినా లక్ష మంది పోయారు, చిలీలో ఐదొందల పైచిలుకు, అందులోనూ వంద మందికి పైగా సునామీలో. హైతీది రాజధాని పక్కనే వచ్చింది, చిలీది ఎక్కువభాగం సముద్రం కింద వచ్చింది, ఆ తేడా ఉంది, కాదనను. కానీ చిలీలో ఏళ్ల తరబడి గట్టి రూల్స్ పెట్టి కట్టించారు, హైతీలో అడిగేవాడు లేడు, అసలు తేడా అక్కడుంది.

అందుకే భూకంపాల ప్రాంతంలో ఇల్లు చూసేటప్పుడు టైల్స్ చూడకండి, ఏ సంవత్సరం కట్టారో అడగండి. జపాన్‌లో 1981లో నిర్మాణ రూల్స్ కఠినం చేశారు, 1995 కోబే భూకంపంలో కూలినవాటిలో ఎక్కువ ఆ రూల్స్‌కి ముందు కట్టినవే. తర్వాత కింద అంతస్తు చూడండి, పార్కింగ్ కోసమో షాపుల కోసమో గోడలు లేకుండా ఒట్టి పిల్లర్ల మీద నిలబెట్టి, పైన మాత్రం గోడలతో బరువుగా నింపిన బిల్డింగ్ ఊగినప్పుడు ముందు ఆ కింద అంతస్తే కాళ్లు విరిగినట్టు కూర్చుండిపోతుంది. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో తెల్లవారుజామున స్లాబ్ మీద స్లాబ్ పడి అట్టల్లా పేరుకుపోయిన అపార్ట్‌మెంట్ల ఫొటోలు చూసే ఉంటారు, అక్కడ పేపర్ మీద మంచి రూల్సే ఉన్నాయి, పాటించకుండా కట్టినవాటిని తర్వాత రెగ్యులరైజ్ చేస్తూ పోయారు. ఆ ఒక్క దేశంలోనే యాభై మూడు వేలకి పైగా మనుషులు పోయారు, తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

నేల కూడా ముఖ్యమే. 1985లో మెక్సికో సిటీని కూల్చిన భూకంపం పుట్టింది మూడొందల యాభై కిలోమీటర్ల అవతల, కానీ ఊళ్లో చాలాభాగం ఒకప్పటి సరస్సు పూడికమట్టి మీద ఉంది, ఆ మెత్తటి నేల గిన్నెలో జున్నులా ఊగింది. రాతి నేల మీద ఉన్న పేటలకి అంత దెబ్బ తగల్లేదు. చెరువు పూడ్చి వేసిన లేఅవుట్ అని తెలిస్తే వరదకీ భూకంపానికీ రెండిటికీ చెడ్డదే, అది వదిలేయండి.

తీరమూ భూకంపమూ రెండూ కలిసిన చోట ఇంకో లెక్క. 2011 మార్చి 11న జపాన్‌లో 9 తీవ్రతతో ఊగితే బిల్డింగులు బాగానే నిలబడ్డాయి, పోయిన, కనపడకుండా పోయిన దాదాపు పద్దెనిమిది వేల మందిలో అత్యధికులు సునామీ నీళ్లలోనే. ఇలాంటి చోట ఉండేవాళ్లకి ఇండోనేషియాలోని సిమెలూ దీవి జనం పద్ధతి తెలియాలి. 1907లో వాళ్లని ఒక సునామీ తుడిచిపెట్టింది, అప్పట్నుంచి "స్మోంగ్" అనే మాటని పాటల్లో, కథల్లో పిల్లలకి చెప్తూ వచ్చారు, నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలి, అంతే. 2004లో భూకంప కేంద్రానికి అంత దగ్గరగా ఉన్నా, డెబ్భై వేలకి పైగా ఉన్న ఆ జనాభాలో పోయింది ఏడుగురు. అదే రోజు చాలా తీరాల్లో సముద్రం వెనక్కి పోయి ఇసుక మీద చేపలు గిలగిలా కొట్టుకుంటుంటే పిల్లలు ఏరుకోడానికి పరిగెత్తారు.

నది ఒడ్డు విషయంలో నాకు చాలా పట్టింపు ఉంది, ఎందుకంటే మోసపోవడం సులువు. ఎండాకాలంలో చూస్తే చల్లగాలి, పచ్చదనం, అద్దె తక్కువ. ఒకసారి అలాంటి ఇల్లే చూడ్డానికి వెళ్లా. కొత్తగా రంగు వేశారు, అంతా శుభ్రంగా ఉంది, కానీ స్విచ్ బోర్డులు, ప్లగ్ పాయింట్లు అన్నీ నా ఛాతీ ఎత్తులో ఉన్నాయి, కింద పాతవి పూడ్చిన చోట ప్లాస్టర్ తేడాగా కనపడుతోంది. అల్మారా కాస్త జరిపి చూస్తే వెనక గోడకి నడుం ఎత్తులో అడ్డంగా గోధుమరంగు గీత. ఓనరుని అడిగితే "ఎప్పుడో ఒకసారి వచ్చాయండి, ఇప్పుడు కట్ట వేశారుగా" అన్నాడు, బయటికొచ్చాక పక్కింటి పెద్దావిడ "మూడుసార్లు బాబూ" అని మెల్లగా చెప్పింది. అప్పట్నుంచి ఏ ఇంటికెళ్లినా నా కళ్లు ముందు ప్లగ్ పాయింట్ల మీదకే పోతాయి.

ఆ "కట్ట వేశారుగా" అన్న మాట చాలా ప్రమాదం. కరకట్ట చిన్న వరదల్ని ఆపుతుంది, దాంతో ధైర్యం వచ్చి వెనకాల ఇంకా ఇళ్లు కడతారు, తెగిన రోజు నష్టం అన్నిటికీ కలిపి వస్తుంది. 2005లో కత్రినా అప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో కట్టలు తెగి ఊళ్లో ఎనభై శాతం మునిగింది. ఇంకోటి "నూరేళ్ల వరద" అనే మాట. నూరేళ్లకోసారి వస్తుంది, నా కాలంలో రాదులే అనుకుంటారు, దానర్థం ఏటా ఒక శాతం అవకాశం ఉందని, ముప్పై ఏళ్ల లోను కట్టేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం ఇరవై ఆరు శాతం అవుతుంది, అంటే నాలుగిట్లో ఒకటి.

పెద్ద నది వరద ఎగువ నుంచి మెల్లగా వస్తుంది, ఒకటి రెండు రోజులు టైముంటుంది, అది పర్లేదు. భయపడాల్సింది చిన్న వాగులకి. 2021 జులైలో జర్మనీలో ఆర్ లోయ, 2024 అక్టోబర్ 29న స్పెయిన్‌లో వాలెన్సియా, రెండూ డబ్బున్న దేశాలే, అన్ని టెక్నాలజీలూ ఉన్నాయి, అయినా వాలెన్సియాలో జనం ఫోన్లకి అలర్ట్ వచ్చేసరికి చాలా వీధుల్లో నీళ్లు పారుతున్నాయి. కారు తీసుకుందామని సెల్లార్‌లోకి దిగి చాలామంది తిరిగి రాలేదు. అరడుగు లోతు పారే నీళ్లు మనిషిని పడేస్తాయి, అడుగు లోతుకి చిన్న కారు తేలిపోతుంది, రెండడుగులకి పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. కాబట్టి వాగు దగ్గరే ఉండాల్సి వస్తే రెండో అంతస్తు తీసుకోండి, కారు మీద ఆశ వదిలేయండి.

కొండ చరియ గురించి ఎక్కువ రాయను. 2024 జులై 30న వయనాడ్‌లో అర్ధరాత్రి దాటాక కొండ జారి ఊళ్లే పోయాయి. హెచ్చరిక తక్కువ, పారిపోయే దారి లేదు, ఇల్లు ఎంత గట్టిదైనా లాభం లేదు, నా మూడు ప్రశ్నల్లో మూడిట్లోనూ ఫెయిలే. వ్యూ బాగుందని తీసుకోకండి.

అగ్నిపర్వతం మాత్రం అనుకున్నంత చెడ్డది కాదు, చాలావరకు ముందే గొణుగుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలేముందు వేలమందిని ఖాళీ చేయించి బతికించారు. 1985లో కొలంబియాలో నెవాడో దెల్ రుయిజ్ విషయంలో ప్రమాదం ఏ ఊళ్లకుందో మ్యాప్ వేసి పెట్టారు, అయినా ఖాళీ చేయించలేదు, అర్మెరో ఊరు బురదలో కప్పబడిపోయి ఇరవై వేలకి పైగా పోయారు. అడవి అంచు ఇళ్ల దగ్గర చూడాల్సింది రోడ్లు. 2018 నవంబర్‌లో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ కార్చిచ్చులో ఎనభై ఐదు మంది పోయారు, బయటికెళ్లే కొద్ది రోడ్లూ ఒకేసారి జామ్ అయిపోయాయి. ఒకే దారి ఉన్న కాలనీ అయితే నేను తీసుకోను.

ఇవేవీ లేని మైదానం, తుఫాను లేదు, నది లేదు, అక్కడే హాయి అనుకుంటున్నారా, వడగాలుల్ని లెక్కలో వేసుకోవడం మర్చిపోయారు. 2003 వేసవిలో యూరప్‌లో ఎండలకి డెబ్భై వేల మంది దాకా అదనంగా చనిపోయారు, ఇల్లు కూలలేదు, టీవీలో చూపించడానికి దృశ్యం లేదు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు గదుల్లోనే పోయారు.

ఇంత చెప్పాక కూడా నా వరుస అందరికీ కుదరదు, ఇంట్లో ఎవరున్నారో దాన్ని బట్టి మారుతుంది. మంచం మీద ఉన్న అమ్మో నాన్నో ఉంటే ఏటా ఖాళీ చేయాల్సొచ్చే తీరం వాళ్లకి నరకం, అలాంటివాళ్లకి భూకంపాల ప్రాంతమైనా సరే రూల్స్ ప్రకారం కట్టిన కొత్త బిల్డింగే మేలు, అదీ లిఫ్ట్ ఆగిపోయినా నలుగురు పట్టుకుని దించగలిగే అంతస్తులో, పైన ఎండకి కాలే స్లాబ్ లేకుండా, మంచం పక్కన బరువైన బీరువా ఉంటే గోడకి క్లాంపులు కొట్టించి. అదే పెళ్లికాని కుర్రాళ్లు, బ్యాగు సర్దుకుని గంటలో బయల్దేరగలిగేవాళ్లైతే తీరమే తీసుకోమంటా, షెల్టర్ ఎక్కడుందో చేరిన మొదటి వారంలోనే నడిచి వెళ్లి చూసి రండి.