టింపనోప్లాస్టీలో కార్టిలేజ్ స్లైసర్: ఏళ్ల తరబడి వాడాక

టింపనోప్లాస్టీలో, అంటే కర్ణభేరిని బాగుచేసే ఆపరేషన్‌లో, కార్టిలేజ్‌ను (మృదులాస్థిని) పల్చగా కోసే ఈ స్లైసర్ కొనదగ్గ పరికరమే. కాకపోతే దాని మీద చెక్కి ఉన్న మందం అంకెను గుడ్డిగా నమ్మకూడదు.

ట్రేగస్ (చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె) కార్టిలేజ్ దాదాపు 1 మి.మీ. మందం ఉంటుంది, కర్ణభేరి 0.1 మి.మీ. మాత్రమే. ఉన్న మందంతోనే పెడితే గ్రాఫ్ట్ (కర్ణభేరికి అతికే ముక్క) గట్టిగా నిలుస్తుంది గానీ శబ్దానికి సరిగా కదలదు. 0.5 మి.మీ.కి తెస్తే రెండూ కుదురుతాయి. 15 నంబరు బ్లేడుతో చేత్తో అంత సమంగా చెక్కడం ఎవరికైనా కష్టమే. స్లైసర్ డబ్బు రాబట్టేది ఇక్కడే.

కార్టిలేజ్ తీసేటప్పుడు ట్రేగస్ బయటి అంచున 2 మి.మీ. వదలాలి, లేకపోతే చెవి ముందు సొట్ట పడుతుంది. ఒక వైపు పెరికాండ్రియం (కార్టిలేజ్‌ను కప్పి ఉండే పొర) ఒలిచి, దాన్ని ఉంచిన వైపు కిందికి వచ్చేలా స్లైసర్ గుంటలో పెట్టి మూత బిగించాలి. బ్లేడును రంపంలా చిన్నచిన్నగా ఆడించాలి. నొక్కారా, అది వంగి ప్లేటు (కోసిన ముక్క) ఒక చివర పల్చగా, ఇంకో చివర మందంగా వస్తుంది. ఎక్కువమంది గమనించనిది ఇంకోటి: అంచు దాటి వేలాడే పెరికాండ్రియం లోపలికి మడత పడితే ఆ చోట కార్టిలేజ్ పైకి లేస్తుంది, బ్లేడు అక్కడే లోతుగా కోస్తుంది. కోశాక ప్లేటును ఆకుపచ్చ డ్రేప్ (ఆపరేషన్‌లో కప్పే గుడ్డ) మీద పరచి చూడండి. రంగు ఒకేలా కనిపిస్తే మందం సమంగా ఉన్నట్టే.

కాంకా (బయటి చెవిలో గిన్నెలా లోతుగా ఉండే భాగం) కార్టిలేజ్‌తో మాత్రం విసుగే. వంపు పూర్తిగా అణగదు, ఉబ్బిన మధ్యభాగం చిల్లు పడుతుంది. రెండు ముక్కలు చేసి విడివిడిగా కోయడమే మేలు.

పల్చబడ్డ ముక్క పెరికాండ్రియం వైపు ముడుచుకుంటుంది. పెట్టేదాకా సెలైన్‌లోనే ఉంచాలి. ఫేసియాలాగా (కండరాన్ని కప్పే పొర, దీన్నీ గ్రాఫ్ట్‌గా వాడతారు) ఆరబెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు.

బ్లేడు కేసుకొకటి మార్చాల్సిందే. కంపెనీదే అక్కర్లేదు, కోఠి సర్జికల్ షాపుల్లో స్లాట్ వెడల్పుకి సరిపోయే స్టెరైల్ బ్లేడు చూసుకుంటే చాలు. మన బోరు నీళ్లతో కడిగితే స్క్రూ మరల్లో తెల్లటి పొర కట్టి మూత సమంగా కూర్చోదు. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే.

పాలిసేడ్ పద్ధతి (కార్టిలేజ్‌ను పట్టీలుగా కోసి పక్కపక్కనే పేర్చడం) చేసేవాళ్లకు ఇది అంత అవసరం లేదు. ఇక పైనుంచి కోసిన పల్చటి పొరను పారేయకండి: టైటానియం ప్రోస్థెసిస్ (చెవిలోని చిన్న ఎముకల బదులు పెట్టేది) తల మీద కప్పడానికి అదే కావాలి, కప్పకపోతే లోహం కర్ణభేరిని తొలుచుకుని బయటికొచ్చే ప్రమాదం ఉంది.