లైట్‌తో వెల్డ్ చేసిన నానోవైర్ షీట్ అంటే నమ్మి కొనకండి, ముందు పెన్నుకు చుట్టి చూడండి

హైదరాబాద్‌లో ట్రాన్స్‌పరెంట్ ఎలక్ట్రోడ్ ఫిల్మ్ (అవతలివైపు కనిపిస్తూనే కరెంటు పారే పల్చటి షీట్) కోసం వెతుకుతున్న ప్రాజెక్టు పిల్లలూ, మాలాంటి చిన్న వర్క్‌షాపుల వాళ్లూ ఇది తప్పక చదవండి. నాలుగు షీట్లకు రూ. 18,400 పోగొట్టుకున్నాను. ఇంకొకరి డబ్బు పోకూడదు.

మౌలాలిలో నేనూ మా తమ్ముడూ హెల్మెట్ వైజర్‌కి ఆవిరి పట్టకుండా వేడిచేసే ఫిల్మ్ చేస్తున్నాం. వైజర్ వంపుగా ఉంటుంది, మామూలుగా వాడే ఐటీవో (ఇండియం టిన్ ఆక్సైడ్) పూత పెళుసు, వంచగానే పగుళ్లిస్తుంది. అందుకే వెండి నానోవైర్లు, అంటే కంటికి కనిపించనంత సన్నని వెండి తీగలు, పరిచిన ఫిల్మ్ కావాలనుకున్నాం. సిటీలోనే ఉన్న ఒక సప్లయర్ "మేడమ్, ఇది లైట్‌తో వెల్డ్ చేసిన మాల్, 20 ఓమ్‌లే, ఎంత వంచినా ఏం కాదు" అన్నాడు. మా ముందే మీటర్ పెట్టి చూపించాడు.

మొదటి రోజు బాగానే ఉంది. వైజర్‌కి అంటించి, నాలుగు రోజులు తీస్తూ పెడుతూ వాడాక, తమ్ముడు లోపలివైపు గట్టిగా ఊది స్విచ్ వేశాడు. ఎడమ పక్క ఆవిరి క్షణాల్లో పోయింది. కుడి పక్క అరచేయంత మేర తెల్లగా అలాగే ఉండిపోయింది. మధ్యలో సన్నని గీతలా ఫిల్మ్ కాలింది.

అసలు సంగతి ఏమిటంటే, ఈ తీగలు వెంట్రుకలో దాదాపు వెయ్యో వంతు మందం. తయారీలో వాటికి పీవీపీ అనే పాలిమర్ పొర పడుతుంది. ఒక తీగ మీద ఇంకో తీగ పడ్డచోట కరెంటుకు అడ్డం ఆ పొరే. గట్టి వెలుతురు పడితే ఆ కాస్త సందులోనే వేడి పోగై, వెండి కదిలి రెండు తీగలూ ఒకటవుతాయి. సందు మూసుకోగానే వేడి దానంతటదే తగ్గుతుంది, కింది ప్లాస్టిక్‌కి ఏం కాదు. 2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు మామూలు హాలోజన్ దీపం వెలుతురుతోనే ఇది చేసి చూపించారు. ఎంత చక్కటి పద్ధతి! దాని పేరు చెప్పి ఇలా అమ్ముతుంటే కడుపు మండుతోంది.

డబ్బు కట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూపించాం. తీగలు పుల్లల్లా ఒకదాని మీద ఒకటి ఊరికే పడి ఉన్నాయి, ఒక్క చోట కూడా అతుకు లేదు. తీగలు దండిగా పోస్తే, అతక్కపోయినా ఆనుకుంటే చాలు, ఓమ్‌లు తక్కువే వస్తాయి. వంచేకొద్దీ ఆ ఆనడం వదులవుతుంది. తీగలు ఎక్కువైతే ఫిల్మ్ పాలపాలగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ కింద పట్టుకున్న రోజే అది మాకు కనిపించింది, పట్టించుకోలేదు.

కాబట్టి పూర్తి డబ్బు ఇచ్చేముందు ఒక్క ముక్క అడగండి. 5 సెంటీమీటర్ల చదరంగా కోసి, ఎదురెదురు అంచులకు సిల్వర్ పేస్ట్ పూసి, ఆ అంచుల మధ్య కొలవండి. చదరం కాబట్టి వచ్చిన అంకే షీట్ రెసిస్టెన్స్, అంటే ఫిల్మ్ కరెంటుకు ఇచ్చే అడ్డం. మీటర్ వైర్ల మొనలు నేరుగా ఫిల్మ్ మీద గుచ్చితే వచ్చే అంకె లెక్కలోకి రాదు. తర్వాత బాల్‌పెన్నుకు వందసార్లు చుట్టి విప్పి మళ్లీ కొలవండి. మా ముక్క 24 ఓమ్‌ల నుంచి 130కి పోయింది. ఇవన్నీ ఆ సప్లయర్ కళ్లముందే చేయండి. వద్దన్నాడంటే అక్కడ కొనకండి.

ఫోన్ చేస్తే "మీరు వాడటం రాక పాడుచేశారు" అంటున్నాడు. బిల్లు మీద 'వెల్డెడ్' అనే మాట రాయించుకోలేదు, అదే నా తప్పు. మీరు రాయించుకోండి. వాడని షీట్ ఒకటి మా దగ్గరే ఉంది, పోల్చి చూసుకోవాలంటే కామెంట్‌లో చెప్పండి, ముక్క కోసి ఇస్తాను.