ఊజెన్ షీజా: వెళ్తే రాత్రి ఉండండి

షాంఘైలో బట్టల ఎగ్జిబిషన్ పని ముగించుకుని, దగ్గర్లోనే ఉన్న ఊజెన్ అనే పాత కాలవల ఊరు చూడ్డానికి వెళ్ళాను. షాంఘై హోంగ్‌చావ్ స్టేషన్ నుంచి తోంగ్‌షియాంగ్‌కి హైస్పీడ్ రైలు గంటలోపే, అక్కణ్ణుంచి బస్సు. నేను వెళ్ళినప్పుడు పడమటి వైపు షీజాకి టికెట్ 150 యువాన్లు, తూర్పు వైపు దోంగ్‌జాకి 110, రెండూ కలిపి 190. దోంగ్‌జాని 2001లోనే తెరిచారు. చైనా రచయిత మావో దున్ పుట్టిన ఇల్లు అక్కడే ఉంది. కానీ జాగా చిన్నది, గైడ్ల మైకుల మోత ఎక్కువ. నన్నడిగితే షీజా ఒక్కటి చాలు.

షీజాని 2007లో తెరిచారు. దానికి ముందు ఊళ్ళోవాళ్ళని బయట కొత్త ఇళ్ళకి తరలించారు. తీగలూ పైపులూ రాతిపలకల కింద పాతేశారు. ఇళ్ళకి బయట పాత చెక్క అలాగే ఉంటుంది, లోపల ఏసీ, గీజరు. అందుకే ఫొటోకి ఒక్క కరెంటు తీగ అడ్డురాదు. ఆరేసిన చొక్కా కూడా కనబడదు మరి! రేవు మెట్ల మీద గిన్నెలు తోమే మనిషి లేని కాలవ ఊరు కృష్ణా జిల్లావాణ్ణైన నాకు వింతే.

నా డబ్బులు గిట్టింది మాత్రం అద్దకం పెరట్లో. మాది పెడన, ఇంట్లో కలంకారీ పని. మేం చెక్క అచ్చుతో అద్దుతాం. వీళ్ళు నూనె పట్టించిన మందపాటి కాగితంలో పూలు కత్తిరించి, గుడ్డ మీద పరిచి, సోయాపిండీ సున్నమూ కలిపిన ముద్దని పైన పూస్తారు. ముద్ద ఆరాక గుడ్డ నీలిమందు బానలోకి వెళ్తుంది. బయటికి తీసేటప్పుడు పచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నీలమెక్కుతుంది. బాగా ఎండాక కత్తితో ముద్ద గీకేస్తే కింద తెల్లటి పువ్వు. మేడంత ఎత్తు గడల మీంచి ఆ గుడ్డలు వేలాడుతుంటే మెడ నొప్పెట్టేదాకా చూశాను. కొనేముందు ఒక్క పని చెయ్యండి: గుడ్డ వెనక్కి తిప్పండి. బానలో ముంచిందైతే వెనక కూడా నీలమే. ఒక కొట్టులో చేత్తో అద్దిందని చూపించిన స్కార్ఫ్ వెనక వెలవెలబోయింది, ఉత్త మిషన్ ప్రింటు.

తిండి సంగతి: మాంసం తినేవాళ్ళకి సోయాసాసులో ఎర్రగా ఉడికించిన గొర్రెమాంసం ఉంది. నేను ఆవిరి మీద ఉడికిన గులాబీరంగు బియ్యప్పిండి కేకులతో సరిపెట్టుకున్నాను. లోపల తియ్యటి చిక్కుడుగింజల ముద్ద, వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది.

గది షీజా లోపలే తీసుకోండి, ఖరీదైనా సరే. పగలు వచ్చిన టూరు జనం వెళ్ళాక వీధుల్లో నడవటానికి చోటు దొరుకుతుంది, తెడ్డు పడవలవాళ్ళ తొందరా తగ్గుతుంది. పొద్దున్నే గేటు తెరవకముందు ఇంకా నయం. ఫోనులో అలీపే అనే చైనా చెల్లింపుల యాప్ పెట్టుకుని మన కార్డు ముందే కలుపుకోండి. అక్టోబరు మొదటి వారం వాళ్ళ జాతీయ సెలవులు, ఆ వారం మాత్రం అటు పోకండి.