శ్రీలంకకు సంక్రాంతికా, వేసవి సెలవులకా?

తిరుపతిలో ఈమధ్య ఫారిన్ టూర్ అనగానే శ్రీలంక పేరే ముందు వస్తోంది. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలోపు కొలంబోలో దిగొచ్చు. ఎప్పుడు వెళ్లాలని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే పాట: "డిసెంబర్ నుంచి మార్చి." ఆ మాట లంకలో సగానికే సరిపోతుంది.

దేశం విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రంలో సగం కూడా లేదు. కానీ నడిమధ్యలో కొండలున్నాయి. వాటిలో ఎత్తైన పిదురుతలగల 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు తెచ్చిన వానంతా ఈ కొండలకు పడమట, దక్షిణాన కురుస్తుంది. తూర్పు వైపు దిగేసరికి అది వట్టి వేడిగాలి. పడమటి కనుమలు రాయలసీమకు చేసే అన్యాయమే అక్కడా జరుగుతుంది. తూర్పుకు అసలైన వానలు అక్టోబర్‌లో మొదలై నవంబర్, డిసెంబర్ నెలల్లో ముదురుతాయి.

ఈ లెక్క తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2021 నవంబర్‌లో వీధులు వాగులైనప్పుడు చూశాం కదా, మన పెద్ద వానలూ ఆ నెలల్లోనే. మనకు ముసురు పట్టిందంటే లంక తూర్పు తీరంలోని ట్రింకోమలీకీ ముసురు కాలమే అనుకోండి.

సంక్రాంతి సెలవుల సంగతి చూద్దాం. పడమట, దక్షిణాన ఉన్న గాలె, మిరిస్సా, బెంటోట తీరాలకు ఇదే మంచి కాలం. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మిరిస్సా నుంచి పడవలో తిమింగలాలు చూడటానికి వెళ్లొచ్చు. శ్రీపాద అనే పవిత్ర కొండ యాత్ర కూడా డిసెంబర్ పౌర్ణమి నుంచి మే నెల వైశాఖ పౌర్ణమి వరకే. రాత్రంతా దీపాల వెలుగులో మెట్లెక్కి, 2,243 మీటర్ల శిఖరం మీద సూర్యోదయం చూస్తారు. అలిపిరి మెట్లు అలవాటున్న కాళ్లకు కూడా ఇది పరీక్షే, ఎందుకంటే మెట్లు ఐదు వేలకు పైనే. నువర ఎలియలో రాత్రిళ్లు చలి బాగా వణికిస్తుంది. హార్సిలీ హిల్స్ కంటే ఆ ఊరు దాదాపు ఆరు వందల మీటర్లు ఎత్తు, పిల్లలకు మందపాటి స్వెట్టర్లు పెట్టుకోండి. చిక్కల్లా రేట్లతోనే. ఐరోపా టూరిస్టులు వచ్చేదీ అప్పుడే కాబట్టి హోటళ్లు మండిపోతాయి. తూర్పు తీరాన్ని ఈ ట్రిప్పులో మర్చిపోవడం మంచిది.

వేసవి సెలవులను ఒకే ముద్దగా చూడకూడదు. ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం ఒక రకం: పొద్దున ఎండ, మధ్యాహ్నం దాటాక ఉరుములతో జల్లు. ఉదయం తిరిగి, సాయంత్రం గదికి చేరితే ఇబ్బంది ఉండదు. మే రెండో సగం వేరు. నైరుతి పుంజుకునేది అప్పుడే. 2016, 2017 రెండేళ్లూ మే నెలలోనే పడమటి, దక్షిణ వైపు వరదలు, కొండచరియలు జనాన్ని పొట్టన పెట్టుకున్నాయి. అదే మే నెలలో ట్రింకోమలీ దగ్గరి నిలావెళి బీచ్‌లో నీళ్లు చెరువులా కదలకుండా ఉంటాయి. ఎండ ఉంటుంది కానీ, మన కత్తిరి ఎండల్లో వేగినవాళ్లకు అదేం లెక్క!

స్కూలు పిల్లలు లేని ఇళ్లకైతే జులై, ఆగస్టు బాగుంటాయి. తూర్పు తీరం పొడిగా ఉంటుంది, మిన్నేరియా చెరువు చుట్టూ ఏనుగుల గుంపులు చేరతాయి, క్యాండీలో ఎసల పెరహెర ఊరేగింపు ఆ రోజుల్లోనే. దసరా సెలవులు సెప్టెంబర్ చివర్లో పడితే ఫర్వాలేదు, అక్టోబర్ నడుమకు జరిగితే వద్దంటాను.

గుళ్ల కోసం వెళ్లేవాళ్లకు ఒక మాట. ట్రింకోమలీలో కోణేశ్వరం ఉంది. మన శ్రీకాళహస్తి లాగే దానికీ దక్షిణ కైలాసమని పేరు. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీ దేవి స్థానం కూడా అదేనంటారు. కార్తీకమాసంలో శివదర్శనం అని ముచ్చటపడి చాలామంది నవంబర్‌కు ప్లాన్ వేస్తారు. ఆ తీరానికి అంతకంటే చెడ్డ నెల లేదు. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుపాను లంకను ఎలా ముంచిందో టీవీల్లో చూశాం. శివుడు వైశాఖంలోనూ అక్కడే ఉంటాడు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు, ఖర్చు భరించగలిగితే, నా ఓటు సంక్రాంతికే. కొండలు, బీచ్, శ్రీపాద ఒకే ట్రిప్పులో కలిసొస్తాయి. వేసవి తప్ప వీలుపడదంటే పరీక్షలు అవ్వగానే బయల్దేరండి. కొలంబోలో ఆగకుండా దంబుల్ల, సిగిరియా మీదుగా ట్రింకోమలీ చేరుకుని, తిరుగు దారిలో క్యాండీ, నువర ఎలియ చూసుకోండి. గాలె వైపు తీరాన్ని ఇంకోసారికి వదిలేయండి.