క్రోమియం పక్కన మాంగనీసు: చేతి ఎక్స్‌రే ఎనలైజరు మీద మా అభిప్రాయం

రాయగడ, గుణుపురం వైపు స్టీలు తుక్కు గ్రేడు తేల్చడానికి చాలాకాలంగా వాడుతున్నది ఎక్స్‌రేలు చిమ్మే రోడియం ట్యూబు, తిరిగొచ్చే ఎక్స్‌రేలను కొలిచే సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టరు ఉన్న చేతి ఎనలైజరు. 304, 316 అనే స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడులను విడదీయడంలో దీనికి వంక పెట్టలేం. 316ను వేరుచేసే మాలిబ్డినం 2 శాతం ఉందో లేదో కొన్ని సెకన్లలో తేలిపోతుంది. చిక్కంతా మాంగనీసు దగ్గరే.

కంపెనీ కాగితంలో రిజల్యూషన్ 135 ఎలక్ట్రాన్‌వోల్టులు (ఈవీ) అని ఉంటుంది. ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన శక్తుల దగ్గర ఎక్స్‌రే గీతలు (తెర మీద శిఖరాలు) ఇస్తుంది, వాటి పేర్లే కె-ఆల్ఫా, కె-బీటా వగైరా. రిజల్యూషన్ అంటే మాంగనీసు కె-ఆల్ఫా గీతకు 5.90 కేఈవీ (వెయ్యి ఈవీలు ఒక కేఈవీ) దగ్గర కొలిచిన వెడల్పు. క్రోమియం కె-బీటా 5.95 దగ్గరే ఉంది. మధ్య దూరం సుమారు 50 ఈవీ మాత్రమే. పోనీ మాంగనీసు కె-బీటా (6.49) చూద్దామంటే ఇనుము కె-ఆల్ఫా (6.40) కింద కప్పబడిపోతుంది. 18 శాతం క్రోమియం ఉన్న స్టీలులో మీకు కనిపించే మాంగనీసు అంకె, సాఫ్ట్‌వేరు క్రోమియం వాటా తీసేయగా మిగిలినదే.

అందుకే శుద్ధ క్రోమియం బిళ్లను అదే వోల్టేజి, అదే ఫిల్టరుతో చదివించి, కె-బీటా, కె-ఆల్ఫాల నిష్పత్తిని సాఫ్ట్‌వేరుకు ఇవ్వాలి. తర్వాత సర్టిఫైడ్ 304 బిళ్లతో సరిచూడాలి. 201 గ్రేడులో మాంగనీసు 5.5 నుంచి 7.5 శాతం కాబట్టి దాన్ని పట్టడం తేలికే. 304 పరిమితి 2 శాతం దగ్గర ఊగే ముక్కలతోనే తగాదా. వాటికి 10 సెకన్లు చాలవు. పొరపాటు సగానికి తగ్గాలంటే సమయం నాలుగింతలు, అంటే 40 సెకన్లు ఇవ్వాలి.

తొందరపడి ట్యూబు కరెంటు పెంచితే డెడ్ టైమ్ (డిటెక్టరు కొత్త సంకేతాన్ని లెక్కించలేని సమయం) పెరిగి శిఖరాలు వెడల్పవుతాయి. రెండు ఇనుము ఫోటాన్లు ఒకేసారి పడితే 12.8 కేఈవీ దగ్గర దొంగ శిఖరం లేస్తుంది. అది సీసం ఎల్-బీటా (12.6) పక్కనే. 10.55 దగ్గర సీసం ఎల్-ఆల్ఫా లేకపోతే ఆ సీసాన్ని నమ్మకండి.

మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో డిటెక్టరును చల్లబరిచే పెల్టియర్ అలసిపోతుంది. పొద్దున, మధ్యాహ్నం అదే ఇనుప బిళ్ల మీద శిఖరం వెడల్పు రాసిపెట్టుకోండి. 10 ఈవీ పెరిగితే యంత్రాన్ని నీడలో ఉంచి ఆగడమే మేలు.

సిలికాన్ కావాలంటే సిలికాన్ కార్బైడ్ కాగితంతో రుద్దొద్దు. ఆ సంకేతం పైపై కొన్ని మైక్రాన్ల నుంచే వస్తుంది, కాగితం పొడి కూడా లెక్కలో పడుతుంది. కార్బన్ మాత్రం ఇది చదవలేదు, 304ఎల్ (కార్బన్ తక్కువ ఉన్న 304) కోసం స్పార్క్ యంత్రం (నిప్పురవ్వ వెలుగుతో మూలకాలు కొలిచేది) దగ్గరకే వెళ్లాలి. లేతు తిరుగుడు చెత్త మీద నేరుగా ఆనించొద్దు: యంత్రం మూతి మీది పలచటి ఫిల్మును ఒక్క మొన చీలిస్తే దాని వెనకున్న బెరీలియం కిటికీ, దాంతో డిటెక్టరూ పోతాయి.