మండీ తూకం స్క్రిప్టు కొంటున్నారా? జాగ్రత్త: తెర మీద కనబడిన చీటీ డేటాబేసులో ఉండకపోవచ్చు

చిత్తూరు, దామలచెరువు వైపు మామిడి మండీలకూ, తిరుపతిలో లాడ్జీలకూ తూకం, బిల్లింగ్ కోసమని పైథాన్‌లో రాసిన చిన్న స్క్రిప్టులు (ప్రోగ్రాములు) అమ్ముతున్నారు. సీజనుకు ముందు కొనేవాళ్ళు డబ్బు కట్టకముందే ఇది చూడండి. అలాంటి ఒక స్క్రిప్టు పగలంతా చీటీలు ఎక్కించుకుంటుంది, లిస్టులో చూపిస్తుంది, మొత్తాలూ సరిగ్గానే వేస్తుంది. రాత్రి మూసి తెల్లారి తెరిస్తే డేటాబేసులో చీటీలుండాల్సిన టేబుల్ ఖాళీ. ఒక్క ఎర్రరూ రాదు. అడిగితే మీ కంప్యూటర్లో వైరస్ ఉందంటారు. నమ్మకండి.

అందులో కమిట్ (రాసినదాన్ని డేటాబేసులో ఖాయం చేసే ఆదేశం) లేదు, అంతే. పైథాన్ ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ (డేటాను ఒక ఫైలులో దాచే చిన్న డేటాబేసును నడిపేది) మామూలుగా ఇన్సర్ట్ (కొత్త వరుస చేర్చే ఆదేశం) రాగానే తానే ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఖాయమయ్యే, లేదా అన్నీ కలిసి రద్దయ్యే మార్పుల కట్ట) మొదలుపెడుతుంది. కమిట్ చేసేదాకా ఆ వరుసలు ఖాయం కావు. ఈలోగా కనెక్షన్ మూసినా, కరెంటు పోయినా అన్నీ పోతాయి. మైఎస్‌క్యూఎల్ (సర్వరు మీద నడిచే ఇంకో డేటాబేసు) పైథాన్ కనెక్టరులోనూ ఆటోకమిట్ (ప్రతి ఆదేశానికీ తనంతట కమిట్ అయ్యే పద్ధతి) మొదట ఆఫ్‌లోనే ఉంటుంది.

డెమోలో ఇది బయటపడదు. రాసిన కనెక్షనే మళ్ళీ చదువుతుంది కాబట్టి, కమిట్ కాని తన వరుసలు దానికి కనబడతాయి. అందుకే వేరే దారిలో చూడాలి. ఐదు చీటీలు ఎక్కించమనండి. స్క్రిప్టు నడుస్తుండగానే అదే ఫైలును డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్‌లో (డేటాబేసు ఫైళ్ళు చూపే వేరే ప్రోగ్రాము) తెరిచి వరుసలు లెక్కపెట్టండి. ఐదూ ఉండాలి. తర్వాత టాస్క్ మేనేజర్ నుంచి స్క్రిప్టును ఆపేసి మళ్ళీ తెరిపించండి. అప్పుడూ ఐదే ఉండాలి. ఫైలు ఎక్కడుందో చూపించలేకపోతే డేటాబేసు ఉత్త మెమరీలో నడుస్తూ ఉండవచ్చు, అసలు కొనకండి.

ఇప్పటికే కొన్నవాళ్ళకు రెండు గుర్తులు. రెండో కౌంటరులో చీటీ వేస్తే ఐదు సెకన్లు ఆగి డేటాబేస్ లాక్ అయిందని వస్తోందంటే, మొదటి కౌంటరు ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసి ఉండొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో చీటీ నంబర్లు మధ్యలో ఎగిరిపోతుంటే అదీ అనుమానించాల్సిందే. ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ టేబుళ్ళను దాచే ఇంజన్) కమిట్ కాక వరుసలు రద్దయిపోయినా వాటికిచ్చిన ఆటో నంబర్లు మళ్ళీ రావు.

"ఇదే స్క్రిప్టు వేరేచోట ఏళ్ళ తరబడి నడుస్తోంది" అన్న మాట నిజమే కావచ్చు. మైఎస్‌క్యూఎల్‌లోనే పాత ఇంజన్ అయిన మైఐసామ్ టేబుళ్ళలో ట్రాన్సాక్షన్లే లేవు, కమిట్ లేకున్నా రాసింది నిలిచేది. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి డిఫాల్ట్ ఇన్నోడీబీ. అక్కడ అదే కోడు చెల్లదు.

సరిచేసి ఇచ్చామన్నా వదలకండి. కొందరు కమిట్‌ను ఎగ్జిట్ బటన్ కింద పెడతారు. సాయంత్రం కరెంటు పోతే రోజంతా ఎక్కించింది గల్లంతు. ఇంకొందరు ప్రతి వరుసకూ ఆటోకమిట్ పెడతారు. రైతు పేరు ఎక్కి, లాట్ల బరువులు సగంలో ఆగిపోతే ఆ చీటీ లేకపోవడంకన్నా ప్రమాదం. ఒక చీటీకి సంబంధించిన రైతు వివరం, లాట్లు, కమిషన్ అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పోవాలి, చివర ఒక కమిట్, తప్పు వస్తే రోల్‌బ్యాక్ (అన్నీ రద్దు). "సేవ్ అయింది" అన్న మాట కమిట్ తర్వాతే తెర మీదికి రావాలి. కోడులో ఎర్రర్లను పట్టుకుని ఏమీ చెప్పకుండా మింగేసే చోట్లు ఉంటే తీయించండి. పాత ఏడాది లెక్కలు వేలల్లో ఎక్కించేటప్పుడు మాత్రం వరుసకో కమిట్ వద్దు. ప్రతి కమిట్ డిస్కు కోసం ఆగుతుంది, చాలా నెమ్మది.

పోయిన చీటీలు రికవరీ చేస్తామని మళ్ళీ డబ్బు అడిగితే ఇవ్వకండి. కమిట్ కాని వరుసలు చాలావరకు డిస్కు మీదికే చేరవు. కాగితం తూకం చీటీలు ఉంటే వాటినుంచే తిరిగి ఎక్కించుకోండి.