మూడు రకాల డౌన్‌హిల్ డ్యాంపర్లు: ఏళ్ల తరబడి వాడాక

డౌన్‌హిల్ ఫోర్క్, అంటే కొండవాలు దిగే మౌంటెన్ బైక్ ముందు సస్పెన్షన్, కొనేటప్పుడు అందరి చూపూ ట్రావెల్ (ఫోర్క్ ఎంత దూరం కుంగగలదో) మీదా, పైనున్న రంగురంగుల నాబ్‌ల మీదా ఉంటుంది. 200 మి.మీ. ట్రావెల్ ఇంచుమించు ఏ డ్యూయల్ క్రౌన్ (పైన రెండు పట్టీలతో బిగించే) ఫోర్క్‌లోనైనా దొరుకుతుంది. అసలు తేడా ఫోర్క్ కదలికను ఆయిల్‌తో అదుపుచేసే డ్యాంపర్ లోపల ఉంది, అదీ కొత్తలో తెలియదు. ఆయిల్ పాతబడ్డాక ఒక్కొక్కటీ తన గుణం చూపిస్తుంది. ఓపెన్ బాత్, రబ్బరు బ్లాడర్ ఉన్న సీల్డ్ కాట్రిడ్జ్, స్ప్రింగ్ ఆనుకుని ఉండే ఫ్లోటింగ్ పిస్టన్, ఈ మూడూ వరసగా వాడాను.

ఫోర్క్ నొక్కుకున్నప్పుడు రాడ్ డ్యాంపర్‌లోకి దూరుతుంది. అది ఆక్రమించినంత మేర ఆయిల్ ఎటో ఒక వైపు జరగాలి, ఎందుకంటే ఆయిల్ నొక్కితే కుదించుకుపోయేది కాదు. ఈ చోటు ఎలా ఇస్తారన్న దాని మీదే మిగతా కథంతా నడుస్తుంది.

ఓపెన్ బాత్‌లో పైన కాస్త గాలి వదిలేస్తారు, అంతే. పాత మార్జోకీ 888 ఫోర్క్ ఈ తరహాదే. ఆయిల్ ఎక్కువ పడుతుంది కాబట్టి బరువు తప్పదు. కానీ కాళ్లు జారే బుషింగ్‌లూ సీళ్లూ ఎప్పుడూ తడిగా ఉంటాయి, చిన్న చిన్న రాళ్ల మీద ఇంత మెత్తగా కదిలిన ఫోర్క్ నాకు మళ్లీ తగల్లేదు. ఇబ్బందల్లా గాలీ ఆయిలూ కలిసిపోవడమే. ఆగకుండా బ్రేక్ బంప్స్ (బ్రేకుల వల్ల నేల మీద పడే గతుకులు) వచ్చే ట్రాక్‌లో కిందికి వచ్చేసరికి ఆయిల్ నురగ పట్టి రీబౌండ్ (ఫోర్క్ తిరిగి పైకి లేచే వేగం) పట్టు తప్పుతుంది. బైక్‌ని పక్కకు పడేసి లేపి చూడండి: మొదటి రెండు మూడు నొక్కుళ్లు గుటగుటమంటూ ఖాళీగా పోతాయి, ఆ తర్వాతే డ్యాంపింగ్ అందుకుంటుంది.

బ్లాడర్‌లో ఈ గొడవ లేదు, రబ్బరు సంచే సాగి ఆయిల్‌కి చోటిస్తుంది. రాక్‌షాక్స్ కంపెనీ తొలి చార్జర్, ఫాక్స్ కంపెనీ ఫిట్ డ్యాంపర్లు ఈ పద్ధతివే. గాలికి చోటే లేదు కనుక మొదటి మిల్లీమీటర్ నుంచే డ్యాంపింగ్ పనిచేస్తుంది, నిటారు మలుపులో బ్రేక్ పట్టినా ముందు భాగం కుంగిపోదు. కొత్తలో దీన్ని మించింది లేదనిపించింది. కానీ ప్రతి కదలికలో రాడ్‌కి అంటుకున్న ఫోర్క్ కింది కాలి ఆయిల్ కొద్దికొద్దిగా సీల్ దాటి లోపలికి చేరుతుంది. బయటికి పోయే దారి లేక బ్లాడర్ ఉబ్బుతుంది. చివరి రెండు మూడు సెంటీమీటర్ల ట్రావెల్ రాకుండా పోతే, ఎయిర్ స్ప్రింగ్‌లో గాలి తగ్గించినా, అందులో చోటు తగ్గించే టోకెన్లు తీసినా ఫలితం లేకపోతే, ముందు దీన్నే అనుమానించండి. నా దాంట్లో చివరికి బ్లాడర్ చిరిగింది. కొత్తది దొరికినా, సిరంజితో బుడగలన్నీ బయటికి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు వాడుతున్నది మూడో రకం. ఫాక్స్ గ్రిప్2 ఇలాంటిదే, రాక్‌షాక్స్ కూడా చార్జర్ 3లో బ్లాడర్ వదిలేసి ఈ దారికే వచ్చింది. ఆయిల్ తోస్తే పిస్టన్ వెనక్కి జరుగుతుంది, వెనకున్న స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు నెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల ఆయిల్‌లో బుడగలు పుట్టడం తగ్గుతుంది. నాకు బాగా నచ్చింది గ్రిప్2 తరహాలో ఉండే పర్జ్ రంధ్రం. లోపల ఆయిల్ ఎక్కువైతే పిస్టన్ ఆ రంధ్రం దాటి జరుగుతుంది, అదనపు ఆయిల్ కింది కాలిలోకి కారిపోతుంది. కింది కాలి ఆయిల్ మార్చే లోయర్ లెగ్ సర్వీస్‌లో మీరు పోసిన దానికన్నా ఎక్కువ ఆయిల్ కారితే ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిందే: డ్యాంపర్ ఖాళీ అవుతోందన్నమాట. లోపం చెప్పాలంటే పిస్టన్ చుట్టూ ఉన్న సీల్ రాపిడి. చలి ఉదయాల్లో మొదటి రన్‌లో ఫోర్క్ కాస్త బిగుసుకున్నట్టుంటుంది.

నాలుగు నాబ్‌ల మీద మోజు నాకు తగ్గిపోయింది. హై-స్పీడ్ కంప్రెషన్ (పెద్ద దెబ్బలకు ఫోర్క్ వేగంగా కుంగడాన్ని అదుపుచేసేది) ఒకసారి సెట్ చేశాక ముట్టుకున్నదే లేదు. రీబౌండ్ మాత్రం ఫోర్క్ వేడెక్కాకే సెట్ చేయండి, ఆయిల్ పలచబడ్డాక అదే క్లిక్ దగ్గర ఫోర్క్ వేగంగా తిరిగొస్తుంది. ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద 5 వెయిట్ అని ఉందని తీసుకోకండి. కంపెనీని బట్టి చిక్కదనం మారుతుంది, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం చెప్పే సెంటీస్టోక్స్ అంకె చూసి పోల్చుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో బ్లాడర్ ఫోర్క్ చూస్తుంటే, ఎయిర్ స్ప్రింగ్‌లో గాలి పూర్తిగా తీసేసి చివరిదాకా నొక్కి చూడండి. అడుగుకి చేరకముందే గట్టిగా ఆగిపోతే డ్యాంపర్ సర్వీస్ ఖర్చు లెక్కేసుకునే బేరం మొదలుపెట్టండి.